ఉప్పు పేరెత్తని ఇల్లు

తుజ్‌బాయ్ ఇంట్లో ఉప్పుకు పేరే లేదని క్యుల్జాన్ అందట. నాతో కాదు, బావి దగ్గర మా ఆవిడతో అంది. మా ఆవిడ ఆ సాయంత్రం రొట్టె విరుస్తూ నా చెవిన వేసింది.

"పట్నం నుంచి వాళ్ళబ్బాయి స్నేహితులు వచ్చారట. కోడలు అక్‌మారల్ వాళ్ళ ముందు మాంసం పళ్ళెం పెట్టి, 'చేదు సరిపోయిందా అన్నయ్యా, ఇంకొంచెం వెయ్యనా?' అందట. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. ఒకాయనైతే నమలడం ఆపేసి బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాడట, మింగాలో ఉమ్మాలో తెలీక!"

నేనూ నవ్వాను. మా భాషలో తుజ్ అంటే ఉప్పు. మామగారి పేరులో ఆ మాట ఉంది కాబట్టి కోడలు దాన్ని పలకకూడదు. ఇది మా అందరి ఇళ్ళల్లో ఉన్నదే. మా నాన్న బోరీబాయ్ బతికున్నన్నాళ్ళూ మా ఆవిడ తోడేలును తోడేలనలేదు, 'తోకాయన' అనేది. ఎందుకంటే బోరీ అంటే తోడేలే. నేను అక్‌మారల్‌కి వరసకు బావగార్ని. నా పేరూ ఆమె నోట రాదు. పశువులకు సూదులు వేసే ఉద్యోగం నాది గనక 'సూదిమందు బావగారు' అంటుంది. అయితే మిగతా ఇళ్ళల్లో పిల్లలు పుట్టాక ఈ పట్టుదల సడలిపోతుంది. తుజ్‌బాయ్ ఇంట్లో సడలలేదు. ఆ ఇంట ఉప్పు డబ్బా చేదు డబ్బా. ఉప్పు ఎక్కువైతే చేదు ఎక్కువైనట్టు. మనవరాలికి కూడా మాటలు వచ్చినప్పటి నుంచీ అదే అలవాటు.

క్యుల్జాన్ ఒక కబురుతో ఆగే మనిషి కాదు. తుజ్‌బాయ్ తెల్ల ఒంటె ఉప్పు పర్ర అవతల సాక్సావుల్ తుప్పల్లో కుంటుతూ కనిపించిందని, తన తమ్ముడు కళ్ళారా చూశాడని కూడా చెప్పిందట. ఆ కబురు మా ఇంటికి వచ్చినట్టే ఆయన ఇంటికీ వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే ముసలాయన తన కొడుకు జీపు తాళాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు చమురు బావుల దగ్గర వంతు పనిలో ఉన్నాడు. ఆయనకు చూపు ఆనదు. ఒంటె కాలు చూడ్డానికి నేను కావాలి, జీపు నడపడానికీ నేనే కావాలి.

మా ఊరు రెండు చవిటి పర్రల మధ్య ఉంటుంది. తూర్పున ఉప్పు పర్ర, పడమట చేదు పర్ర. మధ్యలో మా ఇళ్ళు, బావి, పశువుల కొట్టాలు, ఒక మట్టి గుట్ట. అంతకు మించి కంటికి ఆనేది ఏదీ లేదు. వేసవిలో ఎండిపోయిన మాచిపత్రి వాసన, చలికాలంలో గాలి. పర్రల్లో ఒకప్పుడు సముద్రం ఉండేదంటారు. ఆ సముద్రం పోతూ పోతూ ఉప్పూ, బురదా, మోసం వదిలి పోయింది. పైన తెల్లటి పెచ్చు గట్టి నేలలా మెరుస్తుంది. గొర్రె నడుస్తుంది, మనిషి నడుస్తాడు, ఎండ బాగా కాసిన ఏడు జీపు కూడా పరుగెడుతుంది. పెచ్చు కింద మాత్రం కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే నల్లటి బురద. దానికి అడుగెక్కడో చూసి వచ్చి చెప్పినవాడు లేడు.

పర్ర ఒడ్డుకు చేరాక జీపు ఆపాను. శరదృతువు చివర. ఒడ్డున ఉప్పు మొక్కలన్నీ ఎర్రబడి ఉన్నాయి. ఉత్తరాన మబ్బు పట్టి ఉంది.

"చుట్టూ తిరిగి వెళ్దాం పెదనాన్నా," అన్నాను.

"చుట్టూ తిరిగితే పొద్దు గూకుతుంది. నా మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఈ పర్ర దాటుతున్నాను. నా పేరున్న నేల నన్ను ముంచుతుందట్రా? పోనీ."

పోనిచ్చాను. ఆయన పేరు మీద నమ్మకంతో కాదు, ఆయన నోటికి జడిసి. పర్ర నడిమధ్యకు వచ్చేసరికి ముందు చక్రాల కింద పెచ్చు, పెనం మీద మాడిన రొట్టె విరిగినట్టు, పటపటమంది. జీపు ముక్కు కిందికి దిగింది. ఇంక ఆ బండి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

జీపు వెనకాల రెండు చిన్న మోపుల సాక్సావుల్ కట్టెలున్నాయి. చక్రం కింద తొక్కుదామని నేను దిగేలోపే ముసలాయన దిగాడు. "నువ్వు స్టీరింగు దగ్గరుండు, ఇది నీకు తెలిసిన పని కాదు," అంటూ ఎడమ చక్రం పక్కన వంగి కట్టెలు తోస్తున్నాడు. అప్పుడే జీపు ఒక్కసారి ఆ పక్కకి ఒరిగింది. ఆయన మోకాలి పైదాకా బురదలోకి దిగబడ్డాడు. జీపు మెట్టు ఆయన పాదాన్ని పట్టుకుని బురద లోపలికి తొక్కేసింది.

అరవలేదు. నా వైపు తలెత్తి, "బండి నా కాలి మీద కూర్చుంది," అన్నాడంతే.

జాకీ పెడితే జాకీయే దిగబడింది. పారతో తవ్వితే తవ్విన గుంటలోకి నల్లటి బురద మళ్ళీ వచ్చి చేరింది. చంకల కింద చేతులు వేసి లాగితే ఆయన పళ్ళు కొరికాడు, కాలు కదల్లేదు. చివరికి ఒంటె వెంట్రుకల తాడు తీసి ఆయన నడుముకు కట్టి జీపు పై కమ్మీకి బిగించాను, ఇంకా కిందికి దిగకుండా.

ఉప్పు బురద గడ్డ కట్టదు. నీళ్ళు పేరుకునే చలిలో కూడా మెత్తగానే ఉంటుంది, మంచుగడ్డ కన్నా చల్లగా ఉంటుంది. అందులో చిక్కుకున్న గొర్రెల కాళ్ళు నేను చూశాను, కోశాను కూడా. సాయంత్రంలోగా బయటికి తీయకపోతే ఆయన కాలు దక్కదు. ఆ మబ్బు వచ్చి కురిస్తే పెచ్చంతా కరిగి అంబలి అయిపోతుంది, అప్పుడు మనిషే దక్కడు. ఆయనతో అనలేదు గానీ ఆయనకు తెలియదని కాదు.

"పశువుల డాక్టరువి కదరా," అన్నాడు. "నన్నూ ఒక పశువనుకుని ఏదో ఒకటి చెయ్యి."

"పశువైతే ఈపాటికి కోసి పంచేవాణ్ణి పెదనాన్నా."

"అబ్బో, నా మాంసం ముదురు. నీ పళ్ళూడతాయి."

ఫోన్లు తీస్తే నా దానిలో ఛార్జింగు లేదు. ఆయన ఫోను పట్టుకుని జీపు పైకెక్కి చెయ్యి చాచి నిలబడితే ఒక గీత కనపడింది. ఇంటికి చేశాను. అక్‌మారల్ ఎత్తింది. వెనక ఆడవాళ్ళ మాటలు, కర్రల చప్పుడు. ఉన్ని కొడుతున్నట్టున్నారు.

"అక్‌మారల్, నేను. మీ మామగారి కాలు జీపు కింద ఇరుక్కుంది. ఉప్పు పర్ర నడిమధ్యలో ఉన్నాం. జుమాష్‌ని ట్రాక్టరు తీసుకుని రమ్మను. పలకలు, తాళ్ళు, పెద్ద జాకీ తెమ్మను. వాన రాకముందే. వినపడిందా? ఉప్పు పర్ర!"

"వినపడింది సూదిమందు బావగారూ. ఇప్పుడే పంపిస్తాను. ఆయన మాట్లాడుతున్నారా?"

"తిడుతున్నారు."

"అయితే పర్లేదు," అంది. గీత పోయింది.

దిగేటప్పుడు బురద చెప్పు జారింది. నేను కమ్మీ పట్టుకున్నాను, ఫోను వదిలేశాను. అది పెచ్చు మీద ఒకసారి ఎగిరి, నా పార తవ్విన గుంటలో పడి, ఒక బుడగ వదిలి పోయింది.

"కొడుకు కొనిచ్చిన ఫోను రా అది," అన్నాడు ముసలాయన.

"చెప్పాల్సింది చెప్పేశాను. వాళ్ళు బయల్దేరారు."

కాసేపు ఊరి వైపు చూస్తూ కూర్చున్నాం. కూర్చున్నది నేను, ఆయన పాతినట్టు నిలబడే ఉన్నాడు. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. తినడానికి ఎండు పెరుగు ఉండలు తప్ప ఏమీ లేవు, అవేమో ఉప్పు కషాయం. పెదాల మీద ఉప్పు, గాలిలో ఉప్పు, నోట్లో ఉప్పు. చుట్టూ ఎటు చూసినా తెల్లదనం తప్ప నీడ లేదు, రాయి లేదు. అంత బయలు. ఎటైనా పోవచ్చని కళ్ళు చెబుతున్నాయి. ఎటూ పోలేం. ఒకసారి నడిచి వెళ్ళి ఒడ్డున ఎదురు చూద్దామని అడుగు వేశాను. జీపు బరువుకి చుట్టుపక్కల పెచ్చంతా బీటలిచ్చి ఉంది. నడుం దాకా దిగిపోయాను. ముసలాయన తాడు కొస విసిరితే దాన్ని పట్టుకుని పాకుతూ వెనక్కి వచ్చాను. అంతవరకూ బురదలో ఉన్నది ఆయన ఒక్కడే, అప్పటి నుంచీ ఇద్దరం.

అవతలి ఒడ్డున, సాక్సావుల్ తుప్పల ముందు, తెల్ల ఒంటె వచ్చి నిలబడింది. నమలుతూ మా వైపే చూస్తోంది. కుంటడం లేదు.

"చూడు దాని పొగరు," అన్నాడు. "కాలు బానే ఉంది. క్యుల్జాన్ తమ్ముడి కళ్ళు పీకి కాకులకెయ్యాలి."

వణుకు మొదలైంది ఆయనకు. నా కోటు కప్పాను. మాట్లాడిస్తూ ఉండాలి, మాట ఆగితే మనిషి జారిపోతాడు. అందుకని కోడలి సంగతి ఎత్తాను, ఆయనకు ఇష్టమైన సంగతి అదొక్కటే.

"మీ కోడలు నిబ్బరం గల మనిషి పెదనాన్నా. ఏడుపు లేదు, కంగారు లేదు."

"మరేమనుకున్నావు. అలా తీర్చిదిద్దాను." గొంతులో కొంచెం వేడి వచ్చింది. "కొత్తగా వచ్చిన వారంలో ఒకసారి నోరు జారింది. చుట్టాలందరూ కూర్చున్నారు, కుండ దింపుతూ 'అయ్యో, ఉప్పెయ్యడం మర్చిపోయాను' అనేసింది. నా మొహం మీద! మా ఆవిడ బతికుందప్పుడు. 'చిన్నపిల్ల, వదిలెయ్యండి' అంది. వదుల్తానా? కుండెడు మాంసం చారూ కుక్కలకు పోయించాను. ఆమె చేత్తోనే. చుట్టాలు టీ తాగి లేచారు. అంతే. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ ఆ మాట ఆమె నోట వినలేదు. నిద్రలో కలవరించినా రాదు."

"కుక్కలు సంతోషించి ఉంటాయి," అన్నాను.

"వాటికేం, వెధవలకి. ఉప్పు లేకపోయినా తాగేశాయి."

నవ్వుదామని తలెత్తాను. ఊరి దగ్గర దుమ్ము లేచింది. లావుగా, నెమ్మదిగా, ట్రాక్టరు దుమ్ము. నా ప్రాణం లేచి వచ్చింది. జీపు పైకెక్కి చొక్కా విప్పి ఊపాను. దుమ్ము గుట్ట దాకా వచ్చింది. గుట్ట దగ్గర దారి రెండుగా చీలుతుంది. దుమ్ము ఇటు తిరగలేదు. అటు తిరిగి పడమటికి సాగిపోయింది.

దారి సరిచేసుకుంటున్నాడేమో అనుకున్నాను. ఏదైనా మర్చిపోయాడేమో అనుకున్నాను. దుమ్ము పోతూనే ఉంది.

మెల్లగా కిందికి దిగాను.

"పెదనాన్నా, మీ కోడలు ఉప్పుని ఏమంటుంది?"

"చేదు అంటుంది. తెలీనట్టు అడుగుతావేం? ఊరంతా నవ్వుకుంటున్నారుగా."

"మరి ఈ పర్రని ఏమంటుంది?"

చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. గాలి ఆయన గడ్డాన్ని ఒక పక్కకి దువ్వుతోంది. పడమటి దిక్కు చూశాడు, ఆనని కళ్ళతోనే.

"జుమాష్‌కి తెలియాలి కదరా," అన్నాడు చివరికి. "మా ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు."

"నవ్వుకోవడానికి తెలుసు. కంగారులో ఎవరికి గుర్తుంటుంది? చేదు పర్ర అంటే చేదు పర్రకే పోతాడు."

అప్పుడు అరిచాడాయన. అప్పటిదాకా నొప్పికి కూడా అరవని మనిషి, ఛాతీ చీలేలా అరిచాడు. "తుజ్! జుమాష్, తుజ్ రా! ఉప్పు! ఉప్పూ!" తన పేరే తాను పిలుచుకుంటున్నట్టుంది. పర్రలో మాటకు తగలడానికి ఏదీ లేదు, తిరిగి రావడానికీ లేదు. అవతలి ఒడ్డున ఒంటె మాత్రం చెవులు నిక్కించింది.

సీటు కవర్లు చింపి పెట్రోలు పోసి అంటించాను. పొగ లేచింది గానీ గాలి దాన్ని నేలకు అణిచి, చీపురుతో ఊడ్చినట్టు దక్షిణానికి ఊడ్చేసింది. తర్వాత వాన వచ్చింది. పెద్ద వాన కాదు, సన్నటి, కోపం లేని వాన. తెల్లటి పెచ్చు బూడిద రంగుకి తిరిగింది. జీపు ఒక గుటక మింగినట్టు శబ్దం చేసి ఇంకొంచెం దిగింది. తాడు బిగిసి ఆయన నడుమును కోస్తోంది. నేను బానెట్ మీద బోర్లా పడుకుని ఆయన చంకల కింద చేతులు పెట్టి పట్టుకున్నాను. ఆయన తల నా భుజం మీద వాలింది. బరువుగా, తడిగా.

"కాలు తెలీడం లేదురా," అన్నాడు.

"నొప్పి లేదుగా."

"అదే చెప్తున్నాను." నా భుజానికి మొహం తుడుచుకుని, "ఆ పిల్ల తప్పేం లేదు," అన్నాడు. నడుము దగ్గర తాడు సర్దుకుని, "కానీ ఒక్కసారి అంటే ఏం పోయేది," అన్నాడు. ఆ రెండు మాటల్లో ఏది ఆయనదో నాకు అర్థం కాలేదు.

వెలుగు తగ్గుతుండగా ఊరి వైపు నుంచి ఇంకో దుమ్ము, కాదు, ఇంకో బురద చిమ్ముడు కనిపించింది. సన్నది. మోటారు సైకిలు. గుట్ట దగ్గర పడమటికి తిరిగి, ట్రాక్టరు జాడ పట్టుకుని విసురుగా పోయింది. ఎవరో ఏమిటో తెలియలేదు. ఆయనతో చెప్పలేదు, చెప్పి మళ్ళీ ఆశ పెట్టడం ఎందుకని. నేను మాత్రం రెప్ప వెయ్యకుండా అటే చూస్తూ ఉన్నాను.

ఇంటి దగ్గర జరిగింది మా ఆవిడ తర్వాత చెప్పింది. ఫోను పెట్టేసి అక్‌మారల్ వసారాలో ఉన్ని కొడుతున్న ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, "చేదు పర్రలో దిగబడ్డారట, జుమాష్‌ని పంపండి," అందట. పరుగెత్తింది క్యుల్జానే, చెప్పింది క్యుల్జానే. "చేదు పర్రేనా?" అని జుమాష్ రెట్టించి అడిగితే, "నా చెవులతో విన్నాను, పో," అని తరిమిందట. రాబోయే మనుషులకు రొట్టె కావాలని అక్‌మారల్ పిండి కలపడానికి కూర్చుంది. కూతురు డబ్బా మూత తీసి, "అమ్మా, చేదు ఎంత వెయ్యను?" అని అడిగింది. ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయట. ఆ డబ్బా లాక్కుని, పిండి చేతులతోనే, తలగుడ్డ జారిపోతున్నా చూసుకోకుండా, క్యుల్జాన్ మొగుడి మోటారు సైకిలు వెనక ఎక్కి కూర్చుందట. చేదు పర్ర ఒడ్డున జుమాష్ మనుషులు ఖాళీ నేలను చూస్తూ, మునిగిపోయారేమో అని టోపీలు తీసి నిలబడి ఉన్నారట. ఆమె డబ్బా తెరిచి జుమాష్ మొహం ముందు పెట్టి అరిచిందట: "ఆ చేదు కాదు, ఈ చేదు!"

అప్పుడు కూడా ఆ మాట అనలేదు.

ట్రాక్టరు వెలుగులో ఒడ్డుకు వచ్చారు. పలకలు పరిచి, పలకల మీద కంబళ్ళు పరిచి, బోర్లా పాకుతూ మా దాకా వచ్చారు. తలుపు పలక మీద జాకీ పెట్టి జీపును ఎత్తారు. ముసలాయన కాలు బయటికి వచ్చినప్పుడు ఆయన దాన్ని వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు. కంబళి మీద పడుకోబెట్టి ఒడ్డుకు లాగాం. ఒడ్డున అక్‌మారల్ డబ్బా చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమెను చూశాడు. ఆమె తల వంచి, తన తలగుడ్డ తీసి ఆయన కాలికి చుట్టింది.

జిల్లా ఆస్పత్రిలో ఎడమ పాదం ముందు భాగం తీసేశారు. మంచు పడ్డాక ఇంటికి తీసుకొచ్చారు. కొడుకు వచ్చి, ప్రాణం దక్కినందుకు గొర్రెను కోసి ఊరిని పిలిచాడు. తెల్ల ఒంటె అంతకు ముందే తనంతట తానే వచ్చి కొట్టం ముందు పడుకుని ఉంది.

అందరం చుట్టూ కూర్చున్నాం. క్యుల్జాన్ తన తప్పు ఎక్కడా తగలకుండా కథంతా చెప్పింది. పడీ పడీ నవ్వారు. జుమాష్ టోపీ తీసి నిలబడ్డ తీరు మళ్ళీ నిలబడి చూపించాడు. ముసలాయన దిండ్ల మీద వాలి, కట్టు కట్టిన కాలు చాచుకుని, తనూ నవ్వాడు. అక్‌మారల్ టీ నీళ్ళు కాగే సమోవారు దగ్గర కూర్చుని టీ పోస్తోంది. పెద్దవాళ్ళకు కప్పు సగమే పొయ్యడం మర్యాద, నిండా పోస్తే ఇంక లేచి పొమ్మన్నట్టు. ఆమె చెయ్యి ఏనాడూ తప్పలేదు.

మాంసం చారు వచ్చింది. ముసలాయన ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, అందరికీ వినపడేలా అన్నాడు:

"అమ్మాయ్! నా పాదం పోయింది గానీ నీ మర్యాద మాత్రం చెక్కు చెదర్లేదు. ప్రాణాల మీదికి వచ్చిన రోజున కూడా, ఉప్పు అని ఒక్కసారి అంటే నీ నోరు పడిపోయేదా?"

మళ్ళీ నవ్వులు. అక్‌మారల్ ఆయన కప్పు అందుకుంది. టీ పోసింది, సగం దగ్గర ఆగలేదు, అంచు దాకా పోసింది. రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు పెట్టింది.

"ఒకసారి అన్నాను కదా మామయ్యా. కుండెడు చారూ కుక్కలకు పోయించారు."